చూస్తే ఏం పోతది

ముత్తంగి చౌరస్తాలో, ఓపెన్ ప్లాట్ల ఫ్లెక్సీకీ బిర్యానీ హోటల్ ఫ్లెక్సీకీ మధ్య ఆయన కొత్తగా వెలిశాడు. మెడలో శాలువా, జోడించిన చేతులు, నిండుగా నవ్వు. పక్కన ఎర్రటి గుండె బొమ్మ, దాని చుట్టూ సూర్యుడికి గీసినట్టు కిరణాలు. కింద 'అశ్రునివాళి'. ఫ్లెక్సీ కొట్టినవాడు తొందరలో ప్లాట్లవాళ్ల డిజైన్ మీదే పని కానిచ్చినట్టున్నాడు, ఒక మూల 'బ్యాంకు లోను సౌకర్యం కలదు' అన్న ముక్క చెరపడం మరిచిపోయాడు. ఆయన బతికుండి చూసినా దాన్ని తీయించేవాడు కాదు. "ఉండనీ అన్నా, దానికోసమన్నా ఇద్దరు ఆగి చూస్తరు" అనేవాడు.

వార్త మా పత్రిక డెస్కుకు వచ్చినప్పుడు 'గుండె శాస్త్రవేత్త గుండెపోటుతో మృతి' అన్న శీర్షిక అప్పటికే ఎవరి నోట్లోనో నానుతోంది. పోయింది కామెర్లతో అని తెలిసి అందరూ కాస్త చిన్నబుచ్చుకున్నారు. చివరికి లోపలి పేజీలో రెండు పేరాలు వేసి సరిపెట్టారు.

ఆయన ఎక్కడ చదివాడో, ఏ పట్టాలు పుచ్చుకున్నాడో నాకు సరిగా గుర్తులేదు. ఫ్లెక్సీ మీద అన్నీ ఉన్నాయి, కావలసినవాళ్లు అక్కడ చదువుకోవచ్చు. నాకు గుర్తున్నది ఆయన మణికట్టు.

సంగారెడ్డి బజారులో వాళ్లది బట్టల దుకాణం. తెల్ల పరుపు మీద కూర్చుని చీర మడత విసిరితే పైట చెంగు సరిగ్గా బేరానికి వచ్చినావిడ ఒళ్లో పడాలి. ఆ విసురు చిన్నప్పుడే ఆయన మణికట్టుకు పట్టుబడింది, తర్వాత ఎంత సైన్సు చదివినా వదల్లేదు. ప్రాజెక్టు నివేదిక చూపించినా అదే విసురు, కిటికీ పరదా జరిపినా అదే విసురు, ఇడ్లీ పొట్లం విప్పినా అదే. ఆయన ఎదురుగా కూర్చుంటే ఏదో ఒకటి మన ఒళ్లో పడుతుందన్న భయం ఉండేది.

విసురుతోపాటు దుకాణం నుంచి తెచ్చుకున్న మాట ఒకటుంది. "చూస్తే ఏం పోతది?" కొనకపోయినా సరే, చూడకుండా మనిషి మెట్లు దిగకూడదు. బట్టల వ్యాపారంలో ఇంతకు మించిన నీతి లేదు. చిక్కల్లా ఆయన బట్టల వ్యాపారం మానేసి, చూస్తే పోయే సరుకు ఒకటి చేపట్టడం.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మూతపడ్డ మందుల కంపెనీ షెడ్డు ఒకటి తీసుకుని పరిశోధన కేంద్రం పెట్టాడు. పాత మందుల వాసన గోడలను వదల్లేదు, బోర్డు మాత్రం కొత్తది. లోపల రెండు గదులు, ఒక అచ్చు యంత్రం, మనిషి ఒంటి వెచ్చదనంలో ఉండే పెట్టె ఒకటి. నేను వార్త కోసం వెళ్లిన మొదటి రోజు ఆయన నాకు పని సంగతి చెప్పిన తీరు వేరు. అంతకన్నా బాగా నేను చెప్పలేను కాబట్టి అలాగే దించుతున్నాను.

"అన్నా, వెండిని ఎంత సన్నగ నూరొచ్చు? పసుపు నూరినంత? కాదు. మామూలు మైక్రోస్కోపుకు గూడ దొరకనంత. గా పొడిని సిరాల కలుపుతం. పెండ్లి కార్డు మీద పేర్లు అచ్చేసినట్టు, గీ మిషను పల్చటి ప్లాస్టిక్ మీద గా సిరాతోని తీగెలు అచ్చేస్తది. జరీ అన్నట్టు. గా జరీ మీద గుండె కణాలు పెంచుతం. అవి వాటంతటవే కొట్టుకుంటయి. తీగెలు వింటయి, కంప్యూటర్ల రాస్తయి. కణాలు జెర బద్ధకిస్తే తీగెలే సన్నగ కరెంటు చురక పెట్టి లేపుతయి. ఒకని గుండెల కొంత జాగ చచ్చిపోయిందనుకో, ఈ పొర తీస్కపోయి మీద అతికిచ్చుడే. గుండె మీద కప్పే జరీ రుమాలు. అంతే."

"ఎవరికైనా అతికించారా సార్?"

"రేపు అన్న గద."

అనలేదు. కానీ 'కొత్త సరుకు రేపొస్తది' అని తరతరాలుగా చెప్పినవాళ్లకు రేపు అనే మాట విడిగా అనాల్సిన పని లేదు.

అవి ఎలుక పిల్లల నుంచి తీసిన కణాలు. పత్రికలకు ఆ మాట చెప్పేవాడు. గుమ్మడిదల నుంచి మహిళా సంఘంవాళ్లు వచ్చి "ఎవరి గుండె సారు?" అని అడిగితే, "మనదే అనుకోండ్రి అమ్మా" అన్నాడట. ఒకామె చెంగుతో కళ్లు తుడుచుకుందట. ఎలుకకు అంతటి గౌరవం ఆ మండలంలో ఎన్నడూ దక్కి ఉండదు.

ఆ రోజు నాకూ చూపించాడు. లోపలి గదిలోకి తీసుకెళ్లి పెట్టె తలుపు బార్లా తెరిచాడు. వెనకాల ఒకమ్మాయి పరుగున వచ్చింది.

"సార్, పొద్దటి సంది ఇది ఐదారుసార్లయింది."

"రిపోర్టర్ సాబ్ వచ్చిండమ్మా. చూస్తే ఏం పోతది?"

గాజు పళ్లెంలో గులాబీ రంగు నీళ్లు, అడుగున రూపాయి బిళ్లంత పొర. ఈగ వాలితే ఎద్దు చర్మం అదిరినట్టు అదురుతోంది. ఆగి, మళ్లీ అదురుతోంది. నేను ఇరవై ఏళ్లుగా శంకుస్థాపనలు చూసినవాణ్ని, సులువుగా నోరు తెరవను. తెరిచాను. నేను చూస్తుండగానే దాని అదురు నెమ్మదించింది, మరీ నెమ్మదించింది, ఆగిపోయింది.

"కొత్త మనిషిని చూసి సిగ్గుపడ్డది" అన్నాడు ఆయన.

"సలికి ఆగింది" అని ఆ అమ్మాయి తలుపు మూసింది.

ఆ అమ్మాయి పేరు నవనీత. బొంతపల్లి దగ్గరి పల్లె. వాళ్ల నాన్న వ్యవసాయం తగ్గించుకుని పక్కనే మందుల కంపెనీలో షిఫ్టులకు వెళుతున్నాడు. ఈమె ఈయన దగ్గర పరిశోధన విద్యార్థి. బయట టీ తాగుతూ నాకు ఓపిగ్గా చెప్పింది. "తలుపు తీస్తే వెచ్చదనం పోతది సార్, లోపలి గాలి మారుతది. అది మళ్ల సర్దుకుంటది. కానీ బయటి గాలితోని బూజు లోపలికి పోతే సర్దుకోదు. కంటికి కనబడని గింజ ఒక్కటి చాలు, వారంల పొర మొత్తం తెల్లగ కప్పేస్తది."

డబ్బు ఢిల్లీ నుంచి వస్తోంది. చలికాలం చివర అక్కడి బృందం వస్తుంది. అప్పటిదాకా ఏదో ఒక పొర ఆగకుండా కొట్టుకోవాలి, ప్రతి దెబ్బనూ అచ్చు తీగెలు కంప్యూటర్‌లో రాసి ఉండాలి. లేకపోతే డబ్బు ఆగుతుంది, షెడ్డుకు తాళం, నవనీత పరిశోధన సగంలో సమాధి. "నాయన కంపెనీల క్వాలిటీ డిపార్ట్‌మెంట్ల జాగ ఉన్నదట సార్. మాత్రలు విరిగినయా లేదా చూసుడు" అంది. ఆ ఉద్యోగం గురించి ఆమె మాట్లాడిన తీరు, కొందరు పెళ్లిచూపుల గురించి మాట్లాడినట్టుంది.

ఈ విషయం ఆయనకు తెలియదా అంటే, బాగా తెలుసు. బృందానికి ఉత్తరాలు రాసింది ఆయనే. కానీ మెట్లెక్కిన మనిషిని చూపించకుండా పంపితే ఆయనకు అన్నం సయించదు. వార్డు కౌన్సిలరూ ఆయన వెంట వచ్చిన మందీ చూశారు. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు చూశాడు. వాచ్‌మన్ వియ్యంకుడు చూసి, ఇంటికి పోయి భార్యను తీసుకొచ్చి మళ్లీ చూశాడు. పక్క కంపెనీకి పోవాల్సిన బిహార్ లారీ డ్రైవరు ఒకడు దారి తప్పి గేట్లోకి వస్తే, దారి చెప్పడానికి ముందు ఆయన వాడికీ పెట్టె తెరిచాడు.

"దిల్ హై, దిల్! దేఖో!"

డ్రైవరు వంగి చూశాడు. "బహుత్ ఛోటా హై, సాబ్" అని, మరీ చిన్నదన్నట్టు పెదవి విరిచి, పక్క కంపెనీ గేటు ఎటో అడిగాడు.

మొదటి పొర ఇలా జనం పాలైంది. రెండోది భక్తి పాలైంది. దుకాణం తెరవగానే అగరుబత్తి వెలిగించి గల్లాపెట్టె చుట్టూ, చీరల అరల చుట్టూ తిప్పడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. షెడ్డులో గల్లాపెట్టె లేదు, గుండెపెట్టె ఉంది. ఒక శుక్రవారం బొంతపల్లి వీరభద్రుడి దగ్గరి విభూతి తెచ్చి పెట్టె నుదుటి మీద మూడు గీతలు పెట్టాడు. అంతవరకు నష్టం లేదు. తర్వాత అగరుబత్తుల గుత్తి వెలిగించి, తలుపు తీసి, పొగ లోపలికి పోయేలా చేత్తో విసరడం మొదలుపెట్టాడు. నవనీత వచ్చేసరికి పొర కనపడటం లేదు, పొగే కనపడుతోంది.

"సార్! లోపలికెందుకు సార్!"

"పూజ పెట్టెకానమ్మా? లోపల ఉన్నదానికి గద."

ఆ పొర మళ్లీ లేవలేదు. ఆయన దిష్టి తగిలిందని తేల్చాడు. తగిలిన మాట నిజమే. పెట్టిందెవరన్నది మాత్రం ఆయన విచారించలేదు.

మూడో పొరే ఆఖరి అవకాశం. నవనీత పెట్టె మీద 'తెరవరాదు' అని కాగితం అంటించింది. ఆయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి, వచ్చినవాళ్లకు ముందు కాగితం, తర్వాత పెట్టె చూపించసాగాడు. తాళం వేస్తానంది. "పట్టపగలు దుకాణానికి తాళమేందమ్మా, అరిష్టం" అని చెంపలేసుకున్నాడు. ఇక ఆమె వాదించడం మానేసి పనిలోకి దిగింది.

కొన్నాళ్లకు నేను వెళ్లేసరికి ముందు గదిలోనే ఇంకో పెట్టె ఉంది. లోపల బల్బు, గాజు పళ్లెం, గులాబీ నీళ్లు, అడుగున పొర. అసలుదానికన్నా పెద్దది, ఇంకా హుషారుగా కొట్టుకుంటోంది. ఆయన తలుపు తీసి పక్కకు ఒరిగి నిలబడ్డాడు. ఎంతసేపు తీసినా దానికి సిగ్గూ లేదు, చలీ లేదు. ఇంతలో కరెంటు పోయింది. బల్బు ఆరింది. ఆయన ఫోను లైటు వేశాడు. పొర కొట్టుకుంటూనే ఉంది.

"చూసినవా అన్నా! కరెంటు పోయినా ఆగది. ఆత్మబలం!"

నేను నవనీత వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది. వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చి, "పేపర్ల రాయకుండ్రి సార్" అంది. అందులో కణాలే లేవు. అదే యంత్రం మీద, అదే వెండి సిరాతో తీగెలు అచ్చేసి, కరెంటు తగిలితే వంగే పూత ఒకటి పూసింది. కింద బ్యాటరీ దాచింది. నీళ్లలో రంగు రోజ్‌మిల్క్ సీసాలోది. ఆ పెట్టె అంతకుముందు వాళ్లు సద్ది డబ్బాలు పెట్టుకునేది.

"సార్‌కు తెలుసా?"

"కొత్తది, తలుపు తీసినా ఆగదని చెప్పిన. చానసేపు వంగి చూసిండు. చూడచక్కగున్నదమ్మా అన్నడు. ఇంకేం అడగలే."

ఆ రోజు నుంచి లోపలి గదిలో అడుగు పెట్టిన సందర్శకుడు లేడు. జనానికి ఇదే నచ్చింది. కౌన్సిలరు రెండోసారి వచ్చి "పోయినసారికన్నా బాగా ఇంప్రూవ్ అయింది" అని మెచ్చుకున్నాడు. దాంతో ఫొటో దిగనివాడు పారిశ్రామికవాడలో లేడు. లోపల, తలుపు మూసిన గదిలో, ఎవరి మెప్పూ లేకుండా మూడో పొర తన మానాన తాను కొట్టుకుంటోంది. తీగెలు రాసుకుంటున్నాయి.

ఢిల్లీ బృందం వచ్చిన రోజు నన్నూ పిలిచాడు. శాలువాలు, జ్ఞాపికలు బల్ల మీద సిద్ధం. నవనీత పొద్దున్నే రోజ్‌మిల్క్ పెట్టెను బల్ల కిందికి తోసి గుడ్డ కప్పింది. నేను వెళ్లేసరికి అది మళ్లీ బల్ల మీద ఉంది, చుట్టూ బంతిపూల దండతో. ఆయన దీన్నే అసలుదని చూపిస్తే, వాళ్లలో ఒక్కరు కింద బ్యాటరీ చూస్తే, లోపల ఉన్న నిజం కూడా అబద్ధమైపోతుంది. పైగా అబద్ధాన్ని చేసింది నవనీత చేతులే.

బృందానికి పెద్ద, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక మేడమ్. నేరుగా వచ్చి బంతిపూల ముందు ఆగింది. ఆయన మణికట్టు లేచింది, తలుపు తెరుచుకుంది. మేడమ్ కళ్లద్దాలు తీసి వంగింది. ఎక్కువసేపు వంగింది. తర్వాత తలెత్తి, దీనికి ప్రాణముందా అని అడిగింది:

"యే జిందా హై?"

ఆయన చేయి గాల్లోనే ఆగింది. సంగారెడ్డి బజారులో బేరం తెగే క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అవతలివాడు నోరు తెరిచేలోపు మూడు ధరలు బుర్రలో తిరుగుతాయి.

"నై మేడమ్" అన్నాడు. "యే దిఖానే కా మాల్ హై." ఉత్త చూపుడు సరుకని.

తర్వాత తన దక్కనీ హిందీలో ఆమెకు దుకాణం శాస్త్రమంతా వివరించాడు. ప్రతి బట్టల కొట్లో చూపుడు చీర ఒకటుంటుంది. అందరి ఒళ్లో పడేది అదే, అందరూ నలిపేది అదే. దాన్ని అమ్మరు. అమ్మే చీర లోపల కాగితంలో ఉంటుంది, దాన్ని ఊరికే విప్పరు. "అస్లీ మాల్ అందర్ హై. వో హమ్ ఖోల్తే నై."

ఇంత దూరం వచ్చాం, ఒక్కసారి అంటూ మేడమ్ నవ్వింది. "హమ్ ఇత్నీ దూర్ సే ఆయే హైఁ. ఏక్ బార్?"

"ఏక్ బార్ భీ నై. దేఖే తో మర్ జాతా."

చూస్తే చచ్చిపోతది. లారీ డ్రైవరుకు తెరిచిన తలుపును ఢిల్లీకి తెరవనన్నాడు. నవనీత గోడకు ఆనుకుని ఊపిరి వదలడం నాకు వినపడింది. ఆ మధ్యాహ్నమంతా మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని తీగెలు రాసిన దెబ్బలన్నీ చూసింది, నవనీతను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. సాయంత్రం లేస్తూ, డబ్బు కొనసాగించమని రాస్తానంది. శాలువా మాత్రం వద్దంది. ఆయన బలవంతపెట్టలేదు, మిగిలిన శాలువా తనే కప్పుకున్నాడు.

ఇక్కడితో ఆపితే ఆయన గొప్పవాడవుతాడు. ఫ్లెక్సీలవాళ్లు ఆపింది బహుశా ఇక్కడే.

వాళ్ల కారు రింగు రోడ్డు ఎక్కి ఉండదు, ఆయన కనపడలేదు. నేనూ నవనీతా లోపలి గదిలోకి వెళ్లాం. పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది. కొత్త శాలువాతో, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముఖం దాదాపు లోపల పెట్టి చూస్తున్నాడు. మాస్కు లేదు, గ్లవుజులు లేవు.

"ఇన్ని దినాలు ఓపిక పట్టిన అమ్మా" అన్నాడు తిరగకుండానే. "ఇగ పని అయిపోయింది గద. ఎంత సక్కగ కొట్టుకుంటుందో చూడు."

నవనీత అరవలేదు. "సార్, చేతులన్నా కడుక్కున్నరా?" అంది.

"చూస్తే ఏం..." అని మొదలుపెట్టి, ఆగాడు. ఆ మాట ఆయన సగంలో మింగడం నేను చూసింది అదొక్కసారే. తలుపు తనే మూశాడు. మూసేముందు అలవాటు కొద్దీ జేబురుమాలుతో గాజు తుడిచాడు.

వారం తిరక్కుండా పొర మీద తెల్లటి చుక్క పడింది. లెక్కలు అప్పటికే ఢిల్లీ చేరాయి కాబట్టి డబ్బు ఆగలేదు, నవనీత చదువూ ఆగలేదు. ఆమె ఇంకో పొర మొదలుపెట్టింది, ఈసారి తాళం వేసి తాళంచెవి మెడలో గొలుసుకు వేసుకుంది. అరిష్టం గురించి ఆయన ఏమీ అనలేదు. తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా ముందు గదిలో చూపుడు గుండె దగ్గరే కూర్చుని ఉండేవాడు, అదే మణికట్టు, అదే మాట. బ్యాటరీ ఎప్పుడు మారుస్తున్నారని నేను అడగలేదు. ఆయనే మార్చేవాడని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

సంతాపసభ సంగారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. వేదిక మీద దండ వేసిన ఫొటో, దాని ముందు, బంతిపూల మధ్య, రోజ్‌మిల్క్ పెట్టె. కొట్టుకుంటోంది. కౌన్సిలరు మైకు పట్టుకుని, మహానుభావుడు పోయినా ఆయన గుండె ఆగలేదన్నాడు. సాంకేతికంగా అది నిజం. జనం వరసలో వచ్చి పువ్వు వేసి, పెట్టెకు దండం పెట్టుకుని పోతున్నారు. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. నాకు నవ్వు వచ్చింది, కానీ వృత్తి రీత్యా ఆపుకోవడం తెలుసు.

చివర్లో వాళ్ల అన్న లేచాడు. బజారులో దుకాణం నడిపే పెద్ద సేటు. తమ్ముడు షెడ్డు పెట్టిన ఇన్నేళ్లలో పటాన్‌చెరు గడప తొక్కలేదు. చదువుకున్న తమ్ముడు దుకాణం గద్దె వదిలి ఎలుకల వెంట పడ్డాడని ఇద్దరికీ మాటల్లేవు. పెట్టె దగ్గరికి వచ్చి, జేబులోంచి రుమాలు తీసి గాజు తుడిచాడు. అదే మణికట్టు. పక్కన నిలబడ్డ నవనీతను అడిగాడు:

"అమ్మా, మా తమ్ముడు చేసిన గుండె గిదేనా?"

నవనీత చేయి మెడలోని తాళంచెవి మీదికి పోయింది. పోయినవాడి ఫొటో నవ్వుతోంది. హాలంతా వింటోంది.

"దుకాణం ఇడిసిపెట్టి పోయింది దీనికోసమేనా?" అన్నాడు సేటు, ఈసారి కొంచెం తగ్గి. "వంగి చూడొచ్చునా? తలుపు తీస్తే ఆగుతదేమో."

"ఆగది సేటూ" అంది నవనీత. ముందుకు వంగి తలుపు తనే బార్లా తీసి, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. "చూడుండ్రి. చూస్తే ఏం పోతది?"